బొగ్గుబాయిల సీమలో సంక్షేమసేవ

గోదావరి యొడ్డున, పెద్దపల్లి జిల్లాలో, రామగుండమునకు చేరువగా గోదావరిఖని యను పట్టణము కలదు. ఖని యనగా గని. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1920లో ఆ సంస్థకు సింగరేణి కాలరీస్ అను పేరు వచ్చెను. 1960 దశకమున గోదావరిఖనిలో గనుల పని సాగినప్పుడు పేదరైతులును కూలీలును పల్లెలు విడిచి వచ్చి, తట్టయు పారయు చేబట్టి బొగ్గుబాయిలలో దిగిరి.

వేలకొలది కుటుంబములు ఒక్కచోట చేరినప్పుడు త్రాగునీరు, ఇల్లు, వైద్యము ఎవరు సమకూర్పవలెను? బ్రిటనులో 1920లో టన్ను బొగ్గునకు ఒక పెన్నీ చొప్పున వసూలుచేసి కార్మికుల సంక్షేమనిధిని నెలకొల్పిరి. మన దేశమున 1947లో వచ్చిన చట్టము ఇట్టిదే. బొగ్గుపై సుంకము విధించి, ఆ ధనమును గనికార్మికుల ఇండ్లకు, వైద్యమునకు వెచ్చించిరి. 1986లో ఆ చట్టము రద్దయ్యెను. భారము గనుల యాజమాన్యములపై నిలిచెను.

సింగరేణి సంస్థ క్వార్టర్లు కట్టించినది. ఆసుపత్రులను, పాఠశాలలను నడపుచున్నది. ఇది చిన్న సేవ కాదు. అయినను ఈ సేవకు ఒక హద్దు కలదు. అది ఉద్యోగపు హద్దు.

1990 దశకారంభమున సంస్థలో లక్షకు పైగా ఉద్యోగులుండిరి. పిమ్మట యంత్రములు వచ్చెను, ఓపెన్‌కాస్టు గనులు పెరిగెను. నేడు శాశ్వతోద్యోగుల సంఖ్య అందు సగమునకంటె తక్కువ. మట్టి తొలగించు పని మొదలగునవి పెక్కు కాంట్రాక్టర్ల చేతికి పోయినవి. ఒకే గనివద్ద ఇద్దరు పనిచేయుచున్నారనుకొందము. ఇద్దరును పీల్చునది ఒకే ధూళి. కాని శాశ్వతోద్యోగి కుటుంబమునకు లభించు క్వార్టరు, వైద్యము కాంట్రాక్టు కార్మికుని కుటుంబమునకు అదే తీరున లభింపవు. గనిప్రక్క పల్లెవాసి సంగతి చెప్పనక్కరలేదు. అతడు మస్టరులోనే లేడు!

పదవీవిరమణ చేసినవాని స్థితియు విచారింపదగినది. అతడు క్వార్టరు ఖాళీ చేయవలెను. 1998లో పింఛను పథకము వచ్చినది గాని, ఆ పింఛను ధరలతోపాటు పెరుగునది కాదు. గనిలో పట్టిన దగ్గు మాత్రము వయస్సుతో పెరుగును.

2022లో రామగుండమున ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. దానికి సింగరేణి ధనసహాయము చేసినది. ప్రభుత్వ వైద్యశాల గనుక అచట రోగిని ఏ గనివాడవని అడుగనక్కరలేదు. బొగ్గు తరిగి గనులు మూతపడిన నాడు ఈ పట్టణమునకు మిగులునవి అట్టి సంస్థలే. వానికి చాలినంతమంది వైద్యులను, మందులను ఏటేట సమకూర్చుట ప్రభుత్వము ముందున్న పని.