పడవ మోటారునకు కాడ యెంత పొడవుండవలెను?

కడప జిల్లా మెట్టసీమ గదా, యిచ్చటి విద్యార్థులకు పడవల పాఠమేల యని కొందరు శంకింపవచ్చును. కాని మన సీమకు పడవలు క్రొత్తవి కావు. 1860 తరువాతి పదేండ్లలో తుంగభద్రపై సుంకేసుల యొద్దనుండి త్రవ్వబడిన కర్నూలు-కడప కాలువ సేద్యమునకే గాక పడవల రాకపోకలకును ఉద్దేశింపబడినది. ఆ కాలువపడవలు నేడు లేవు. అయినను గండికోటవద్ద పెన్నానదికి కట్టిన ఆనకట్ట వెనుకను, శ్రీశైల జలాశయమునందును లోతైన నీరు నిలుచుచున్నది. అట్టి నీటిలో పడవకు చిన్న మోటారు అమర్చదలచువాడు మొదట తెలిసికొనవలసినది దాని కాడ పొడవు. ఈ లెక్క తప్పినచో సొమ్ము వ్యర్థమగుటయే గాక ప్రాణమునకును అపాయము కలుగవచ్చును.

పడవను నడుపు సాధనములలో గెడకును తెడ్డునకును గల భేదమును ముందు గ్రహింపుడు. గెడ నేలను త్రోయును. కావున దాని పొడవు నీటి లోతునుబట్టి యుండవలెను. తెడ్డు నీటినే త్రోయును. క్రింద నీరు రెండు బారలున్నను పది బారలున్నను దానికి భేదము లేదు. పుట్టిలో కూర్చుండి నడుపువానికి పొట్టి తెడ్డు చాలును; ఎత్తైన పడవపై నిలుచువానికి పొడవైన తెడ్డు కావలెను. అనగా తెడ్డు పొడవును నిర్ణయించునది చేతికిని నీటికిని నడుమనున్న ఎత్తు. మోటారు తెడ్డు జాతిలోనిదే గాని గెడ జాతిలోనిది కాదు. ఈ యొక్క మాట మనసున నిలిచినచో తక్కిన పాఠమంతయు సులభము.

చేపలవేటకై పడవను నెమ్మదిగను చప్పుడు లేకుండను నడుపు విద్యుత్తు మోటారును 1934లో అమెరికాలోని ఫార్గో పట్టణమున ఓ. జి. ష్మిట్ అనునతడు నిర్మించెను. ఫోర్డు కారును కదలించు చిన్న మోటారును తీసికొని దానికి రెక్కల చక్రమును తగిలించెనని చెప్పుదురు. నేటి మోటారులలో యంత్రమును రెక్కలును కాడకు క్రింది కొసను నీటిలో మునిగియుండును. కాడ నడిమిభాగమును పడవకు బిగించిన పట్టు పట్టుకొనియుండును. ఇట్టి మోటారును తరచుగా పడవ ముందరి కొసయగు అణియమున అమర్చుదురు.

రెక్కలు నీటిని వెనుకకు నెట్టుటచేత పడవ ముందుకు సాగును. కాడ పొట్టిదైనచో రెక్కలు నీటి పైభాగమునకు దగ్గరగా తిరిగి గాలిని లోనికి లాగికొనును. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు బరువైనది. కావున గాలి కలిసినపుడు రెక్కలు బిరబిర తిరుగునే గాని నెట్టుటకు బలము చాలదు. అంతేకాదు, ఈ మోటారు చుక్కాని పనిని కూడ చేయును. రెక్కలు నీటినుండి బయటపడినపుడు పడవ నడకయు, త్రిప్పుకొను శక్తియు ఒక్కమారే పోవును. గండికోటవంటి లోయలో ఎదురుగాలి వీచునపుడు అట్లు జరిగినచో పడవ రాతిగోడవైపు కొట్టుకొనిపోవుటకు ఎంతోసేపు పట్టదు.

ఇక కొలుచు విధానము. పడవను నీటిలో నిలిపి, బ్యాటరీని, వాడుకగా మోయు సామానును వాటి వాటి చోట్ల నుంచవలెను. వెనుక బరువు హెచ్చినకొలది అణియము పైకి లేచును గనుక, అది మిక్కిలి యెత్తుగా నుండు స్థితిలోనే పట్టు బిగించు చోటినుండి నీటివరకు నిలువుగా కొలువవలెను. దానికి సుమారు 20 అంగుళములు కలుపవలెను. ఇందు 12 అంగుళములు మోటారు మునుగుటకు, తక్కినవి పట్టులోను దానిపైనను ఉండుటకు. అలలు లేచు పెద్ద జలాశయమైనచో మరి 5 అంగుళములు చేర్చవలెను.

దృష్టాంతము: ఎత్తు 14 అంగుళములనుకొందము. 14, 20, 5 కలిపిన 39. అంగడిలో 36, 42, 48 అంగుళముల కాడలున్నచో 42 అంగుళములది కొనవలెను. రెండు కొలతలమధ్య సందేహము కలిగినపుడు పెద్దదియే మేలు. ఏలయన పొడవైన కాడను పట్టులో పైకి జరిపి బిగింపవచ్చును, పొట్టిదానిని సాగదీయుట యెవరికిని సాధ్యము కాదు. పడవ పొడవునుబట్టి కాడ నెంచుట పొరపాటు. 16 అడుగుల పడవలు రెండింటిలో ఒకదాని అంచు నీటికి జేనెడే యుండవచ్చును, మరియొకదానిది మూరెడుండవచ్చును.

అట్లని మితిమీరిన పొడవును మంచిది కాదు. పైకి లేచిన కాడ చేతికి అడ్డు తగులును. క్రింది కొస రాళ్లకు తగులును. శ్రీశైల జలాశయపు నీటిలో మునుగు సంగమేశ్వరాలయము నీరు తగ్గిన వేసవిలో శిఖరము మొదలుగా బయటపడును. ఒక ఋతువులో పడవ సాగిన చోటనే మరియొక ఋతువున రాతిగోడ నీటికి జానెడు క్రిందనే పొంచియుండును. కావున నీరు తగ్గుకాలమున కాడను పైకి జరుపుకొని, మెల్లగా సాగవలెను.

పెట్రోలు మోటారునకు ఈ లెక్క వర్తింపదు. దానిని పడవ వెనుకకొసయగు అమరమున తగిలింతురు. కాడను పైకి క్రిందికి జరుపుట కుదరదు. అచ్చటి పలక యెత్తు 15 అంగుళములైన పొట్టికాడయు, 20 అంగుళములైన పొడుగుకాడయు సరిపోవును. రెక్కలపైనుండు అడ్డరేకు పడవ అడుగునకు ఇంచుమించు సమముగ నుండవలెను. ఇందు అవసరమునకు మించి పొడవైనది కొన్నచో అది నీటిలో ఈడ్చుకొనిపోయి నూనెను వృథాచేయును.

అభ్యాసము: (1) అణియము నీటికి 9 అంగుళముల యెత్తున నున్నది, చెరువు నిశ్చలముగా నున్నది. (2) ఎత్తు 21 అంగుళములు. జలాశయమున అలలు లేచును. పైని చెప్పిన మూడు కాడలలో వేనిని కొనవలెను? మొదటిదానికి 29 అంగుళములు కావలెను గనుక 36 అంగుళములదియు, రెండవదానికి 46 కావలెను గనుక 48 అంగుళములదియు తగును. విద్యార్థులు ఈ లెక్కను ఇంటివద్ద పెద్దలకు చెప్పుదురుగాక. అంగడికి పోవుటకు ముందు కొలతబద్దతో నీటియొద్దకు పోవువాడు మోసపోడు.