సంతకమునకు ముందు

“ఇక్కడ ఒక సంతకము పెట్టుము, తక్కినది నేను చూచుకొందును” అను మాట మన పల్లెలలో తరచుగా వినబడును. ఎరువులు అప్పునకు కొనునప్పుడును, ఇల్లు బాడుగకు తీసికొనునప్పుడును, పెండ్లికి ధనము తెచ్చుకొనునప్పుడును ఈ మాట వచ్చును. ఆ సంతకము మనల నెట్లు కట్టివేయునో విద్యార్థులును, వారి తలిదండ్రులును తెలిసికొనవలెను.

చట్టము అమలు జరుపగల ఒప్పందమునకే ఒడంబడిక యని పేరు. 1872వ సంవత్సరపు ఒడంబడికల చట్టము ప్రకారము ఉభయపక్షములవారు అర్హులై, స్వేచ్ఛగా సమ్మతింపవలెను, ప్రతిఫల ముండవలెను, ఉద్దేశము చట్టవిరుద్ధము కారాదు. సంతలో నోటిమాటతో కుదిరిన ఎద్దుల బేరము సైతము ఒడంబడికయే. కాని తగవు వచ్చినచో నోటిమాటను ఋజువు చేయుట కష్టము.

పదునెనిమిదేండ్లు నిండనివారు చేసిన ఒప్పందము చెల్లదు. కలకత్తాలో ధర్మదాస్ ఘోష్ అను మైనరు 1895లో తన ఆస్తిని తాకట్టు పెట్టుచు 20,000 రూపాయలకు పత్రము వ్రాసి యిచ్చెను. ఆ పత్రము మొదటినుండియు శూన్యమే యని 1903లో ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పెను.

మన రాయచూరు జిల్లా 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రమునుండి మైసూరు రాష్ట్రమున చేరెను. 1973లో ఆ రాష్ట్రమునకు కర్ణాటక యని పేరు వచ్చెను. ఇంట తెలుగు మాటలాడు మనకు పత్రములు తరచుగా కన్నడములో వచ్చును. సంతకము చేసిన పిమ్మట “నాకు చదువ రాదు” అన్నంతమాత్రమున బాధ్యత తొలగదు. మోసముచే సంతకము చేయించినచో ఒప్పందమును రద్దు చేయించుకొనవచ్చును. కాని మోసమును నిరూపించు భారము మనదే.

ఖాళీ కాగితము మరింత అపాయకరము. స్టాంపు అంటించి, మొత్తము వ్రాయక, సంతకము చేసి యిచ్చిన నోటును, ఆ స్టాంపునకు తగిన మొత్తము వరకు పూర్తిచేసికొనుటకు పుచ్చుకొన్నవానికి అధికార మిచ్చినట్లే యని 1881వ సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టము భావించును. ఐదువేలు తెచ్చుకొన్నవాడు ఏబదివేలకు జవాబు చెప్పవలసి రావచ్చును.

అడిగినప్పుడు చెల్లింతునని వ్రాసిన ప్రామిసరీ నోటుపై, దాని తేదీనుండి మూడేండ్లలో దావా వేయవలెను. గడువులోపల కొంత చెల్లించి, నోటు వెనుక చెల్లు వ్రాసి సంతకము చేసినచో, ఆ దినమునుండి గడువు మరల మొదలగును. బాకీ పూర్తిగా తీర్చిననాడు నోటును తప్పక తిరిగి తీసికొనవలెను.

విద్యార్థులారా! మీరు పాఠశాలలో కన్నడమును కూడ నేర్చుకొనుచున్నారు. మీ తండ్రిగారు ఏదేని పత్రము తెచ్చినప్పుడు దానిని బిగ్గరగా చదివి, తెలుగున అర్థము చెప్పుడు. పేర్లు, తేదీ, వడ్డీ, అంకెలలోను అక్షరములలోను మొత్తము సరిగా నున్నవో లేదో చూడుడు. ఖాళీలున్నచో గీత కొట్టింపుడు, నకలు అడుగుడు. మీకు బోధపడనిచో తెలిసినవారిని అడుగువరకు సంతకము ఆపుమనుడు. నిజాయితీగల బేరము ఒక దినము ఆలస్యమైనను చెడదు.