గ్లూకోమీటర్‌కీ ల్యాబ్‌కీ తేడా ఎందుకు?

ప్రశ్న: మా అమ్మ షుగర్‌కి మాత్రలు వాడుతోంది. పరగడుపున ఇంట్లో మీటర్‌లో 148 వచ్చింది. కాసేపటికే ల్యాబ్‌లో చూపిస్తే 132 అన్నారు. మీటర్ మార్చేయాలా? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అక్కర్లేదమ్మా. ల్యాబ్ విలువ 100 గానీ అంతకు మించి గానీ ఉంటే మీటర్ 15 శాతం అటూ ఇటూగా చూపినా అంతర్జాతీయ ప్రమాణం ఒప్పుకుంటుంది. 132కి అది దాదాపు 20. మీకొచ్చిన తేడా 16 మాత్రమే.

తేడా ఇంతకన్నా ఎక్కువైతే ముందు అనుమానించాల్సింది స్ట్రిప్స్‌ని. వాటి మీదుండే ఎంజైముకు తేమ, వేడి పడవు. స్ట్రిప్ తీయగానే మూత బిగించాలి. కొందరు వేరే డబ్బాలోకి మారుస్తారు, ఇంకొందరు జాగ్రత్త పేరుతో ఫ్రిజ్‌లో దాస్తారు, రెండూ తప్పే. చాలా కంపెనీలు 30 డిగ్రీలు దాటనివ్వొద్దంటాయి. మీ ఊరి మే నెల ఎండల్లో వంటింటి అల్మరా అసలు పనికిరాదు. మూత తెరిచిన తేదీని డబ్బా మీద రాసుకోండి. తెరిచాక ఎన్నాళ్లు వాడొచ్చో కంపెనీ చెప్పే ఉంటుంది.

చేతులు సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడిచాకే వేలి కొన పక్కన గుచ్చండి. మామిడిపండు తిన్న చేత్తో చూస్తే పండు చక్కెర కూడా లెక్కలోకొస్తుంది! సూది ఇంకొకరితో పంచుకోవద్దు.

ఒక్క రీడింగ్ చూసి మీరే మాత్ర పెంచకండి. ఈసారి డాక్టరు దగ్గరికి మీటర్ కూడా తీసుకెళ్లండి.