రాయితీ ఏసీకా, సోలార్‌కా?

ప్రశ్న: పటమటలో మాది డాబా ఇల్లు. ఏసీ పాతది, ఎండాకాలం కరెంటు బిల్లు మోయలేకపోతున్నాం. ప్రభుత్వ రాయితీ దేనికి వస్తుంది? – ఒక గృహిణి

జవాబు: సోలార్‌కేనమ్మా. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 2 కిలోవాట్లకు రూ.60,000, 3 కిలోవాట్లకు, ఆపైన ఎంతైనా రూ.78,000 ఇస్తారు. నెట్ మీటరు బిగించి, తనిఖీ అయ్యాకే ఖాతాలో పడుతుంది. కాబట్టి ముందు సొమ్ము మీరే సర్దుకోవాలి. ప్యానెళ్లే కాదు, వాటిలోని సెల్స్ కూడా మన దేశంలో తయారైనవే ఉండాలి. చవకని వేరేవి అంటగడితే రాయితీ పోయినట్టే. ఆ మాట కొటేషన్‌లోనే రాయించుకోండి.

ఏసీకైతే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అంతే. అయినా నన్నడిగితే ముందు 5 స్టార్ ఇన్వర్టర్ ఏసీకి మారండి. వాడకం తగ్గితే చిన్న సోలారే సరిపోవచ్చు. రాత్రి ఏసీకి కాలే యూనిట్లు, పగలు ప్యానెళ్లు గ్రిడ్‌కి పంపినవాటితో నెట్ మీటరులో చెల్లవుతాయి. ప్యానెళ్లపై నీడ పడకూడదు కాబట్టి, నీళ్ల ట్యాంకు నీడ ఎటు పడుతోందో ఒకసారి డాబా ఎక్కి చూసుకోండి.