వెలుగు - విశ్వాసము

ఫోటోగ్రఫీ యను మాట గ్రీకు పదముల నుండి పుట్టినది. వెలుగుతో వ్రాయుట యని దాని యర్థము. కావున ఛాయాచిత్రము తీయగోరువారు యంత్రముకంటె ముందు వెలుగు నెరుగవలెను. ఒక మనుష్యుని, అతని కుక్కను ఆరుబయట ఒకే చిత్రములో చూపదలచినపుడు ఈ మాట యెంత నిజమో తెలియును.

1838వ సంవత్సరమున డగేర్ అను ఫ్రెంచి దేశీయుడు పారిసు నగరములోని యొక వీధిని చిత్రించెను. నాడు పలకపై బొమ్మ పడుటకు కొన్ని నిమిషములు పట్టెడిది. అందుచే కదలిపోవుచున్న బండ్లును, బాటసారులును ఆ చిత్రమున నిలువలేదు. బూట్లకు మెరుగు పెట్టించుకొనుచు కదలక నిలిచిన మనుష్యుడు మాత్రము కనబడెను. అట్టి దినములలో కుక్కవంటి చపలప్రాణిని చిత్రించుట యెంత కష్టమో ఊహింపుడు! నేడో, సెకనులో 500వ వంతు కాలమున చిత్రము తీయవచ్చును. చేతిలోని ఫోనుతోనే ఆ పని జరుగుచున్నది.

అయినను వెలుగు నెన్నుకొనుట మన పనియే. మిట్టమధ్యాహ్నము సూర్యుడు నడినెత్తిన నుండగా కన్నుల గుంటలలో నీడలు పడి ముఖము కళ తప్పును. ఉదయ సాయంకాలములందు కిరణములు ఏటవాలుగా వచ్చును. అవి వాతావరణములో ఎక్కువ దూరము పయనించుటచే నీలికాంతి చెదరిపోయి, బంగారు వన్నె మిగులును. ఆ వేళ దొరకనిచో గోడనీడ గాని, వసారా యంచు గాని మేలు. ఆకుల సందులనుండి పడు ఎండమచ్చలు మాత్రము చిత్రమును చెరచును.

తెల్లని పంచె కట్టిన గొఱ్ఱెలకాపరి ప్రక్కన అతని నల్లకుక్క కూర్చున్నదనుకొనుడు. తీవ్రమైన యెండలో పంచెకు తగినట్లు వెలుగును కొలిచినచో కుక్క సిరామరకవలె నుండును. కుక్కకు తగినట్లు కొలిచినచో పంచె మడతలు మాయమగును. నీడలో వెలుగు పలువైపులనుండి మెత్తగా వచ్చును గనుక ఆ భేదము తగ్గును. ఇద్దరును చక్కగా కనబడుదురు.

చిత్రకారుడు నిలిచి తీసినచో కుక్క వీపే కనబడును. మోకరిల్లి దాని కంటియెత్తునకు దిగవలెను. కుక్క మూతి పొడవైనది. ముక్కుపై దృష్టి నిలిపినచో కన్నులు మసకబారవచ్చును. కావున కన్నులపైననే దృష్టి నిలుపవలెను. కాపరి ముఖమును, కుక్క ముఖమును కెమెరాకు సమానదూరమున నున్నచో రెండును స్పష్టముగా వచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది ఓర్పు. తదేకముగా చూచు కన్ను కుక్కకు బెదిరింపుగా తోచును. కెమెరా కన్నును అట్టిదే. మొదట దానిని కెమెరా వాసన చూడనిండు. మెడ పట్టి కూర్చుండబెట్టకుడు. భయపడిన కుక్క చెవులు వెనుకకు వాల్చును. ఆ భయము చిత్రమున దాగదు. యజమానియే మెల్లగా పేరుపెట్టి పిలిచినచో అది తలయెత్తి అతనినే చూచును. ఆ క్షణమే మీరు వేచియున్న క్షణము.

కుక్క ఆయువు సాధారణముగా 10 మొదలు 13 ఏండ్లు. మనుష్యుని ఆయువులో అది చిన్నభాగము. మంద కావలి కాచిన ఆ నేస్తము వెళ్లిపోయిన పిదప, కాపరి యింట మిగులునది ఆ యొక్క చిత్రమే కావచ్చును. అందు కుక్క రూపము మాత్రమే గాక, దాని వీపుపై నానిన కాపరి చేయియు, ఆ చేతిపై దానికి గల నమ్మకమును కనబడవలెను. వెలుగు ఆకాశము నుండి వచ్చును. విశ్వాసమును మాత్రము తొందరపడనివాడే పొందగలడు.