మంత్రానికి విషం దిగుతుందా?



పోయిన వారం సైన్సు మేడం గారు శ్రీహరికోట గురించి చెప్పారు. రాకెట్టు ఎగిరే ముందు ఇస్రో పెద్దలు సూళ్లూరుపేట చెంగాళమ్మ తల్లి గుడికి పోయి దండం పెట్టుకుంటారంట. రాకెట్టు బొమ్మను తిరుమలకు తీసుకుపోయి పూజ చేయిస్తారంట. అప్పుడు వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి "అయితే మేడం, రాకెట్టును ఎగరేసేది సైన్సా, దేవుడా?" అని అడిగింది. మేమంతా నవ్వాము. మేడం నవ్వలేదు. "తెలిసినవాళ్లు గోడపత్రికకు రాయండి" అన్నారు.

నాకు రాకెట్ల సంగతి కొంచెమే తెలుసు. పాముల సంగతి ఎక్కువ తెలుసు. కాబట్టి ముందు పాము, తర్వాత రాకెట్టు.

మా తాత పాము మంత్రం వేస్తాడు. మేము యానాదులం కదా, రొయ్యల గుంటల కాపలా, పొలం గట్ల మీద ఎలుకలు పట్టేది, అంతా పాములుండే చోటే మా పని. ఎవరినైనా పాము కరిస్తే తాత దగ్గరికి తెస్తారు. తాత వేపమండ పట్టుకొని తల నుంచి కాలి దాకా దిగతుడుస్తా మంత్రం చదువుతాడు. ఈశ్వరి వేరు నూరి తాగిస్తాడు. డబ్బు తీసుకోడు, తీసుకుంటే మంత్రం పారదంట. "నూరుమందిని బతికించినా పాపా" అంటాడు. నేను కూడా అట్టనే నమ్మినాను.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా పిన్నమ్మ వానాకాలం రాత్రి గుడిసెలో కింద పండుకొని ఉంది. నడిరాత్రి కడుపునొప్పి అని లేచింది. గాటు కనపడలేదు, వాపు లేదు. కొంచెంసేపటికి కనురెప్పలు వాలిపోయినాయి, మాట ముద్దముద్దగా వచ్చింది. చాప కింద కట్లపాము దొరికింది. తాత తెల్లారేదాకా మంత్రం వేశాడు. తెల్లారగట్ల పిన్నమ్మ ఊపిరి ఆగిపోయింది. "దాని ఆయువు అంతే" అన్నారు అందరూ. మంత్రం తప్పని ఎవరూ అనలేదు.

ఈ సంవత్సరం మేడం గారు చెప్పిన ఒక మాట నా మనసులో ఉండిపోయింది. మన దేశంలో సుమారు 300 రకాల పాములుంటే, విషమున్నవి 60 చిల్లరే. విషపు పాము కూడా ఒక్కోసారి విషం దించకుండా ఉత్తకాటు వేస్తుంది. అట్టాంటి కాటుకు ఏ మంత్రం వేసినా మనిషి బతుకుతాడు, వేయకపోయినా బతుకుతాడు.

అందుకని వేసవి సెలవుల్లో తాత పక్కన కూర్చొని నోటుబుక్కులో రాసుకున్నాను. ఎవరిని కరిచింది, ఏ పాము, ఏమైంది. నూరు అన్నాడు గానీ, గుర్తు చేసుకుంటే 23 వచ్చినాయి. 14 నీరుకట్టె, జెర్రిపోతు కాట్లు. అందరూ బతికినారు. 5 పామును ఎవరూ చూడలేదు. వాళ్లూ బతికినారు. మిగిలిన 4 కట్లపాము, నాగుపాము, రక్తపింజరి. వాళ్లలో ముగ్గురు చనిపోయినారు. చనిపోయినవాళ్లను తాత మొదట చెప్పలేదు. నేను అడిగినాక చెప్పి చాలాసేపు ఊరకే కూర్చున్నాడు.

తాత అబద్ధాలకోరు కాదు. ఇసుకలో జాడ చూసి ఏ పామో చెప్తాడు, అది తప్పు కాదు. అది కూడా సైన్సేనని నేను అనుకుంటున్నా. మనలాంటి ఇరులవాళ్లు తమిళనాడులో 1978లో సంఘం పెట్టుకొని పాముల విషం తీసి మందు చేసేవాళ్లకు అమ్ముతున్నారు. ఆ విషాన్ని గుర్రాలకు కొంచెం కొంచెంగా ఎక్కిస్తే వాటి రక్తంలో విరుగుడు తయారవుతుంది. దానితోనే ఆసుపత్రిలో వేసే సూదిమందు చేస్తారు. 2023లో ఇరులవాళ్లు ఇద్దరికి, వడివేల్ గోపాల్, మాసి సడయన్ గార్లకు పద్మశ్రీ ఇచ్చారు. ఈ సంగతి చెప్తే తాత రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ఇప్పుడు రాకెట్టు. 2019లో చంద్రయాన్-2కు పూజ చేశారు. ల్యాండరు చంద్రుడి మీద కూలిపోయింది. 2023లో చంద్రయాన్-3కు పూజ చేశారు. ఆగస్టు 23న చక్కగా దిగింది. పూజ రెండుసార్లూ ఉంది. మరి మారింది ఏమి? ల్యాండరు కాళ్లు గట్టిగా చేశారు. దిగే చోటు ముందు 500 మీటర్ల పొడవు, 500 మీటర్ల వెడల్పు. దాన్ని 4 కిలోమీటర్లు, 2.4 కిలోమీటర్లు చేశారు. కూలినప్పుడు వాళ్లు "దాని ఆయువు అంతే" అనలేదు. లెక్కలు తీసి చూసుకున్నారు.

అయితే దండం ఎందుకు అంటే, భయానికి అని నేను అనుకుంటా. పిన్నమ్మ పోయినాక మా అవ్వ చెంగాళమ్మకు మొక్కుకొని గానీ నిద్రపోలేదు. అవ్వకు ఆ నిద్ర కావాల. కానీ విషం దిగిందా లేదా అని అడిగితే దానికి అవ్వ మొక్కు జవాబు చెప్పదు.

సంక్రాంతి సెలవుల్లో మా పక్కింటి పిల్లోడిని గట్టు మీద రక్తపింజరి కరిచింది. తాతే ముందు "ఆటో పిలవండి" అన్నాడు. తాడుతో బిగించి కట్టనియ్యలేదు, కోయనియ్యలేదు. కాలు కదలకుండా కట్టెపుల్ల ఆనించి గుడ్డతో వదులుగా కట్టి, ఆటోలో పక్కన కూర్చొని మంత్రం చదువుతూనే వచ్చాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తం తీసి గాజుగొట్టంలో పోసి కదపకుండా 20 నిమిషాలు పెట్టింది. మామూలుగా అయితే గడ్డకట్టాల. వంచి చూస్తే నీళ్లలాగా పారింది. పింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనియ్యదు. అప్పుడు సూదిమందు మొదలుపెట్టారు. కట్లపాముకు ఈ పరీక్షలో తెలియదంట, కనురెప్పలు, ఊపిరి చూడాలంట. పిన్నమ్మకు రెప్పలు వాలినప్పుడు మాకు అది తెలియదు.

పిల్లోడు ఆరు రోజులకు ఇంటికి వచ్చాడు. మంత్రం కూడా పనిచేసిందని తాత అంటాడు. నేను వాదించలేదు. నోటుబుక్కులో 24 అని రాసి, ఎదురుగా "సూదిమందు" అని రాసుకున్నాను.

వార్డెను మేడం గారికి ఒక మనవి. మనం కూడా కిందనే పండుకుంటాము. బాత్‌రూముల పక్కన వంటకట్టెలు పేర్చి ఉన్నాయి, వాటి కింద ఎలుక బొక్కలు నేను చూశాను. కట్టెలు అవతలికి మార్పించాల. రాత్రి పోయేదానికి పెట్టిన టార్చిలైటుకు బ్యాటరీలు అయిపోయి రెండు వారాలు అయింది.