బరువు పెరిగిన గెలుపు వచ్చునా?

ప్రశ్న: బాక్సింగు నేర్చుచున్న మా తమ్ముడు పై బరువు తరగతికి మారదలచినాడు. రాణించునా?

జవాబు: పెరిగిన కండ వేగమును హరించినచో ఆ లాభము ప్రత్యర్థిదే. 1937లో ఫెదర్‌వెయిట్ విజేతయై, 1938 మే నెలలో బార్నీ రాస్‌ను ఓడించి వెల్టర్‌వెయిట్ కిరీటమును, ఆగస్టులో లూ ఆంబర్స్‌ను గెలిచి లైట్‌వెయిట్ కిరీటమును గైకొని, మూడింటిని ఏకకాలమున ధరించిన అమెరికా యోధుడు హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్, తనకంటె బరువైనవారితో దూరమున నిలిచి తలపడక, తల వంచి, వారి రొమ్మునకు నుదురానించి, చేతులు చాచుటకు చోటీయక, ఎడతెగక గుద్దులు కురిపించెడివాడు. ఈ దమ్మే, నా దృష్టిలో, కండకంటె మిన్న. బరువైన దెబ్బ నోర్చు శక్తి మాత్రము సాధనచే అంతగా రాదు. కావున తమ్ముని తొందరపెట్టక, పై తరగతివారితో అభ్యాసము చేయించి, చివరి రౌండున వాని చేతులు దిగజారుచున్నవేమో చూచి, పిదప నిర్ణయింపుడు.